ప్రార్థనకు జవాబు రాలేదంటే విశ్వాసం తక్కువనా?

సిస్టర్, మీ వారి ఉద్యోగం పోయిందనీ, వడ్డీలు పెరిగిపోతున్నాయనీ, వరసగా ఉపవాసాలుంటున్నా జవాబు రాకపోవడంతో మీ విశ్వాసంలోనే లోపముందని సంఘంలో అంటున్నారనీ రాశారు. ఆ మాట నమ్మకండి.

మా ఆయన పక్షవాతంతో మంచాన పడ్డప్పుడు నేనూ విన్నాను. "ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో పరీక్షించుకోండి" అని చెప్పి వెళ్లారు కొందరు. బైబిల్లో కష్టాలపాలైన యోబుతో అతని స్నేహితులు అన్నదీ అదే కదా, చివరికి దేవుడి కోపం రగులుకున్నది వాళ్ల మీదే. మా స్త్రీల కూటంలో ఒక పెద్దావిడ మాత్రం వాక్యమేమీ చెప్పలేదు. క్యారియర్‌లో చారన్నం, వంకాయ కూర తెచ్చి, నన్ను కూర్చోబెట్టి తినిపించి, ఆయన్ను పక్కకు ఒత్తిగిలబెట్టి, దుప్పట్లు ఉతికి ఆరేసి వెళ్లింది. ఆ మధ్యాహ్నం ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. లేచాకే నోట ప్రార్థన వచ్చింది.

బైబిల్లో మొదటి రాజులు గ్రంథం 19వ అధ్యాయం నాకు అప్పుడు అర్థమైంది. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగిరావడం కళ్లారా చూసిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, బదరీ చెట్టు కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు గద్దించలేదు. దూత వచ్చి నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అన్నాడు. మోయలేనిదని దేవుడికి ముందే తెలుసు, అందుకే ముందు భోజనం పెట్టాడు.

మీరూ కొన్నాళ్లు ఉపవాసాలు ఆపి వేళకు తినండి. మాటలు రానప్పుడు 88వ కీర్తన పైకి చదవండి. మొరతో మొదలై చీకటి దగ్గరే ఆగిపోతుంది, అయినా అది దేవుని వాక్యమే. అప్పుల లెక్క కాగితం మీద పెట్టి, నమ్మకమున్న ఒక్కరికి చూపించండి.

మాది ఒంగోలు. 1854 జనవరి 1న తెల్లవారుతుండగా ఇక్కడి కొండ మీద అమెరికా మిషనరీ జ్యూయెట్ దొరగారి దంపతులు, మరో ముగ్గురు విశ్వాసులు ఈ ఊరికి సేవకుణ్ణి పంపమని మోకరించారు. తెలుగు మిషన్ మూసేద్దామన్న మాట అమెరికాలో నడిచిన రోజులవి. ఆ ప్రార్థనకు జవాబుగా వచ్చిన మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో గడిచిన ఆ పన్నెండేళ్లూ వాళ్లకు విశ్వాసం లేదని ఎవరనగలరు?

మా ఆయన కుడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా రాలేదు. అడుగుతూనే ఉన్నాం. శుక్రవారం కూడికలో, పేరు చెప్పకుండా, మీ ఇంటి కోసం కూడా ప్రార్థన చేయిస్తాను. "నా ప్రాణం తీసుకో" అని ఏలీయా అన్న మాట మీ నోటా వస్తుంటే మాత్రం, సిస్టర్, డాక్టరుకు కూడా చెప్పండి, ఆలస్యం చెయ్యకండి.