విభాగ గ్రంథాలయం వివరాలు ఇవ్వాలా, వద్దా?

ప్రశ్న: వైద్య కళాశాలలో పాథాలజీ విభాగపు చిన్న గ్రంథాలయం బాధ్యత నాది. మా పుస్తకాల, పత్రికల వివరాలన్నీ ఇవ్వమని కేంద్ర గ్రంథాలయం అడుగుతోంది. ఇస్తే పుస్తకాలే తరలిపోతాయని మా విభాగంలో భయం. ఏం చేయమంటారు?

జవాబు: వివరాలు ఇవ్వండి, పుస్తకాలు మీ దగ్గరే ఉంచుకోండి. ఈ రెండూ వేర్వేరు విషయాలని ముందుగానే కాగితం మీద రాసుకుంటే మీవారి భయం చాలావరకు తీరుతుంది. మైక్రోస్కోపులో స్లైడు చూస్తూ అట్లాసు (బొమ్మల పుస్తకం) తిరగేయవలసిన వైద్యుడికి ఆ పుస్తకం పక్క గదిలో ఉండడమే మేలని నా అభిప్రాయం.

అయితే జాబితా పైపైన రాసిస్తే ఎవరికీ ఉపయోగపడదు. పత్రిక పేరు ఒక్కటే చాలదు; ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఉంది, ఏ సంపుటాలు బైండు అయ్యాయి, ఏ సంచికలు లోపించాయి అన్నది కూడా ఉండాలి. ఎందుకంటే పాఠకుడు అడిగేది పత్రికను కాదు, ఫలానా సంచికలోని ఫలానా వ్యాసాన్ని. వర్గీకరణ పనిని మాత్రం పెద్ద గ్రంథాలయమే చేయాలి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయపు పద్ధతిని అనుసరిస్తే పాథాలజీ పుస్తకాలు రెండు చోట్లా 'క్యూజెడ్' (QZ) అనే వర్గం కిందికే వస్తాయి.

ఈ సహకారం కొత్తదేమీ కాదు. 1898లో అమెరికాలో కొందరు లైబ్రేరియన్లు, వైద్యులు కలిసి స్థాపించిన వైద్య గ్రంథాలయాల సంఘం ఆశయాల్లో సభ్య గ్రంథాలయాల మధ్య వైద్య సాహిత్య మార్పిడి ఒకటి. ఒకరి దగ్గర రెండేసి ఉన్న సంచికలు మరొకరి లోటును పూడ్చేవి. 1985లో అక్కడి జాతీయ వైద్య గ్రంథాలయం ప్రారంభించిన డాక్‌లైన్ అనే కంప్యూటర్ వ్యవస్థ, ఏ పత్రిక ఎవరి దగ్గర ఉందో నమోదైన వివరాలను బట్టి అభ్యర్థనలను ఆయా గ్రంథాలయాలకు చేరవేస్తుంది. నమోదు చేయని సంచిక అల్మరాలో ఉన్నా బయటివారికి లేనట్టే.

చందాల విషయంలో ఎంతో జాగ్రత్త అవసరం. "వాళ్ల దగ్గర ఉంది కదా" అనుకుని రెండు గ్రంథాలయాలూ ఒకే ఏడాది ఒకే పత్రికను మానేస్తే అది ఎక్కడా దొరకదు. అందువల్ల చందా మానే ముందు రెండో పక్షానికి తెలియజేయాలన్న షరతును ఒప్పందంలోనే చేర్పించండి.