అత్యవసర నిధికి మార్కులు వేయకండి

ప్రశ్న: పొలం అమ్మితే 18 లక్షలు వచ్చాయి. వాటితో ప్లాటు కొనాలా, ఇంటి రుణం ముందే కట్టేయాలా అని నేను, నా భార్య, నాన్న (66), తమ్ముడు కలిసి పట్టిక వేసుకున్నాం. వెయిటేజీలు (ఏది ఎంత ముఖ్యమో, వందకి): విలువ పెరగడం 40, అప్పు భారం తగ్గడం 25, కుటుంబ సంతృప్తి 20, అత్యవసర భద్రత 15. పదికి అందరి సగటు మార్కులు ప్లాటుకు వరసగా 9, 1, 10, 2. ఇంటి రుణం ముందే కట్టడానికి 4, 9, 4, 6. ప్లాటు 6.15తో గెలిచింది, రుణానిది 5.55. ప్లాటు 20 లక్షలు, రిజిస్ట్రేషన్ 7.5 శాతం. తగ్గే 3.5 లక్షలకు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? ఈఎంఐతో కలిపి నెల ఖర్చు 77 వేలు. వేరే పొదుపు లేదు, నాన్నకు ఆరోగ్య బీమా లేదు.

జవాబు: ఆ లోన్ జోలికి వెళ్లొద్దు. 14 శాతం వడ్డీకి మూడేళ్లంటే నెలకు దాదాపు 12 వేలు. అంటే చేతిలో రూపాయి లేకుండా, ఖర్చు 89 వేలకు పెంచుకుంటున్నారు.

నలుగురూ కూర్చుని లెక్కవేయడం మంచి పనే. కానీ చాలా ఇళ్లలో జరిగే పొరపాటే మీ ఇంట్లోనూ జరిగింది: భద్రతను మిగతా కోరికలతో పోటీకి దింపారు. ప్లాటుకు భద్రతలో సున్నా వేసి చూడండి, 5.85 వస్తుంది. అప్పటికీ ప్లాటే గెలుస్తుంది! ఆసుపత్రి బిల్లును కుటుంబ సంతృప్తి మార్కులతో కట్టలేం కదా. అందుకే భద్రతను పట్టికలోంచి తీసేసి ముందు షరతుగా పెట్టండి. ఆరు నెలల ఖర్చు 4.62 లక్షలు స్వీప్ ఎఫ్‌డీలోకి (పొదుపు ఖాతాకు జోడించిన, అవసరమైనప్పుడు తీసుకోగలిగే డిపాజిట్), ఈ వారమే. నాన్నగారికి వెంటనే ఆరోగ్య పాలసీ తీసుకోండి. బీపీ, షుగర్ లాంటివి ముందే ఉంటే వాటికి బీమా వర్తించడానికి నిరీక్షణ 3 ఏళ్ల దాకా ఉండొచ్చు, పాలసీ తీసుకున్న రోజు నుంచే ఆ లెక్క మొదలవుతుంది. దరఖాస్తులో ఏ జబ్బూ దాచొద్దు. మీకు టర్మ్ కవర్ (మీరు లేకపోతే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) లేకపోతే అదీ ఇప్పుడే.

మిగిలే 13.38 లక్షల్లో ప్రీమియంలు పోగా ఉన్న డబ్బుకే మళ్లీ పట్టిక వేయండి. ఈసారి మాట్లాడుకోకముందే ఎవరి చీటీ వాళ్లు రాయాలి. లేకపోతే నాన్నగారి అంకె చుట్టూనే అందరి అంకెలూ చేరతాయి. ఒకే గడిలో నాలుగు మార్కులకు మించి తేడా వస్తే సగటు తీయకండి, కారణం అడగండి. వెయిటేజీకి ముందు ఒక్కో గడిలో అతి తక్కువ, అతి ఎక్కువ ఫలితాలను రూపాయల్లో రాయండి, ఆ తేడా చూశాకే ఏది ఎంత ముఖ్యమో తేల్చండి. ‘విలువ పెరగడం ముఖ్యమా?’ అని ఊరికే అడిగితే ఎవరైనా అవుననే అంటారు.

మీ పాత పట్టికలోనే విలువ పెరగడం నుంచి 10 తీసి అప్పు భారానికి కలపండి. ప్లాటు 5.35కు పడిపోతుంది, రుణం 6.05తో ముందుకొస్తుంది. ఇంత చిన్న మార్పుకే తారుమారయ్యే ఫలితాన్ని నమ్మి బయానా ఇవ్వకండి.