బాకీ తీరేదాకా పిల్లల్ని పంపనంటున్నాడు... ఏం చేయాలి?

ప్రశ్న: మా పక్కింటావిడ భర్త జబ్బుచేసి చనిపోయాడు. వైద్యం కోసం ఆయన ఓ ఇటుక బట్టీ యజమాని దగ్గర 30 వేలు అడ్వాన్స్ తీసుకున్నాడు. ఆ బాకీ కింద 12 ఏళ్ల కొడుకు, 16 ఏళ్ల కూతురు బట్టీలో పనిచేస్తున్నారు. పిల్లవాడు ఓసారి ఇంటికి పారిపోయి వస్తే పట్టుకెళ్లి కొట్టారు. బాకీ కట్టి తీసుకుపొమ్మంటున్నాడు యజమాని. కేసు పెడితే తననే జైల్లో వేస్తారని తల్లి భయపడుతోంది. దారేమైనా ఉందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆ తల్లికి ముందు ఈ మాట చెప్పండి: ఆమె ఆ యజమానికి రూపాయి కూడా కట్టక్కర్లేదు. తండ్రి తీసుకున్న అడ్వాన్స్‌కు పిల్లలు బట్టీ వదిలి వెళ్లే వీల్లేకుండా పనిచేయాల్సి రావడం 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం వెట్టే. ఆ ఒప్పందం చెల్లదు, ఆ బాకీ వసూలు చేసుకునే హక్కూ ఉండదు. అలాంటి బాకీ కింద డబ్బు పుచ్చుకుంటే అదీ నేరమే, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. కాబట్టి పెద్దమనుషులెవరైనా సగం కట్టి రాజీపడమంటే వినొద్దు.

"వెట్టి అని రుజువేది? కాగితమేదీ లేదుగా" అని మీకు టెన్షన్ ఉండొచ్చు. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడేనని అదే చట్టంలోని సెక్షన్ 15 చెబుతోంది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరీయేనని 1982లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆకలికి తట్టుకోలేక ఒప్పుకున్న పనిని ఇష్టంతో చేసిన పని అనలేమన్నది ఆ తీర్పు సారం.

ఇక్కడే చాలామంది తడబడతారు. లేబర్ ఆఫీసుకు ఫోన్ చేస్తారు, అధికారులు వస్తారు, బాలకార్మిక కేసు ఒకటి నమోదవుతుంది. పిల్లవాడు ఇంటికి వస్తాడు గానీ బాకీ మాట ఎవరూ ఎత్తరు. యజమాని మనిషి మళ్లీ గడప దగ్గరికి వస్తాడు. ఈసారి కొడుకు బదులు తల్లి వెళ్తుంది. అందుకే కలెక్టరుకు గానీ ఆర్డీఓకు గానీ వెట్టి విముక్తి కోసం విడిగా అర్జీ పెట్టండి. ఎంత అడ్వాన్స్, ఎప్పటినుంచి పని, రోజుకు ఎన్ని గంటలు, చేతికి ఎంత ఇస్తున్నారు, పారిపోతే ఏం చేశారు అన్నవన్నీ రాయండి. పిల్లల వాంగ్మూలం యజమాని ఎదుట తీసుకోవద్దని అందులోనే కోరండి. ఆయన గుమ్మంలో నిలబడి ఉంటే ఏ పిల్లాడూ నోరు విప్పడు. విచారణయ్యాక విముక్తి పత్రం చేతికి వచ్చేదాకా వదలొద్దు. పునరావాస సాయానికి ఆధారం అదే.

కొట్టిన విషయానికొస్తే, ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రిలో చూపించి గాయాలు రాయించండి. తన అధీనంలో ఉన్న పిల్లల్ని హింసిస్తే బాలల న్యాయ చట్టం (2015) సెక్షన్ 75 వర్తిస్తుంది. వెట్టిలో పెట్టుకున్నందుకు సెక్షన్ 79 కింద ఐదేళ్ల దాకా కఠిన జైలు శిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉన్నాయి. ఈ చట్టానికి 18 ఏళ్లలోపు వాళ్లంతా బాలలే కాబట్టి అక్కకూ రక్షణ ఉంటుంది. ఆమెకు 14 దాటాయి, బాలకార్మిక నిషేధం వర్తించదని ఎవరైనా తోసిపుచ్చబోతే ఈ సెక్షన్ చూపించండి.

తల్లి భయానికి కారణం లేకపోలేదు. పేదవాళ్లనే ముందు దబాయించడం మన స్టేషన్లలో కొత్తేమీ కాదు. కానీ బాలకార్మిక చట్టంలో తల్లిదండ్రులకు మొదటిసారి శిక్షే లేదు. మళ్లీ అదే నేరం చేసినా 10 వేల దాకా జరిమానాయే తప్ప జైలు లేదు. యజమానికి మాత్రం ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20 నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

బాబు చదువు సంగతి. విద్యాహక్కు చట్టం ప్రకారం సంవత్సరం మధ్యలోనైనా, వయసు ధ్రువపత్రం లేకపోయినా బడిలో చేర్చుకోవాలి. వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. చిన్న తరగతిలో వేస్తామంటే ఒప్పుకోకండి. చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి సిగ్గుపడి బడి మానేసేవాళ్లే ఎక్కువ.

ఈ రోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లల్ని బయటికి తెచ్చాక 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. లాయరు ఫీజు గురించి బెంగ వద్దు, మహిళలకు, పిల్లలకు, వెట్టి బాధితులకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. దాని నంబరు 15100. కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చినప్పుడు ముద్ర వేసిన నకలు అడిగి తీసుకోండి.