ఫైళ్లలో సెట్టింగ్స్ మార్చడం కూడా ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది నరసన్నపేట. మా బాబు బీఎస్సీ కంప్యూటర్స్ పాసయ్యాడు. విశాఖలో ఒక కంపెనీ సర్వర్ మానిటరింగ్ ట్రైనీగా రమ్మంది. కోడింగ్ ఉండదట, ఏజెంట్ ఇన్‌స్టాల్ చేసి ఫైల్లో సెట్టింగ్స్ మార్చడమేనట. అదేం ఉద్యోగం, అమీర్‌పేటలో జావా నేర్పించండి అంటున్నారు చుట్టాలు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: చేరమనండి అమ్మా. కాకపోతే చేరేముందు కంపెనీవాళ్లను ఒక మాట అడగాలి. అది చివర్లో చెబుతాను.

సర్వర్ అంటే కంపెనీ పనులు నడిపే కంప్యూటర్. ఏజెంట్ అంటే ప్రతి సర్వర్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్. మెమరీ ఎంత వాడుతోంది, డిస్క్ ఎంత నిండింది అని చూస్తూ, ఆ వివరాలు ఒక మెయిన్ సర్వర్‌కు అందిస్తుంది. అర్ధరాత్రి డిస్క్ నిండి బిల్లింగ్ ఆగిపోయే లోపే ఎవరికో ఒకరికి అలర్ట్ వెళ్లేది దీనివల్లే. అది ఎవరికి జవాబివ్వాలి, ఏ పేరుతో పంపాలి అన్నది చాలాచోట్ల ఆ మెషీన్‌లోనే ఉన్న ఫైల్లో రాసి ఉంటుంది.

ఉచితంగా దొరికే జాబిక్స్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. దాని ఏజెంట్ ఫైల్లో ముఖ్యమైనవి మూడు లైన్లు: సర్వర్ (ఎవరు అడిగితే జవాబివ్వాలి), సర్వర్‌యాక్టివ్ (తనంతట తాను ఎవరికి పంపాలి), హోస్ట్‌నేమ్ (ఈ మెషీన్ పేరు). మొదటి లైన్లో ముందుగా ఉండేది 127.0.0.1, అంటే ఆ మెషీన్ అడ్రసే. దాన్ని మార్చకపోతే బయటి నుంచి మెయిన్ సర్వర్ వచ్చి అడిగినా ఏజెంట్ ఒప్పుకోదు. హోస్ట్‌నేమ్ మరీ ఇబ్బంది పెడుతుంది. మెయిన్ సర్వర్‌లో ఇచ్చిన పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి, పెద్దక్షరం చిన్నక్షరం తేడా కూడా రాకూడదు. తేడా వస్తే ఏజెంట్ మామూలుగానే రన్ అవుతున్నట్టు కనిపిస్తుంది, కానీ తనంతట తాను పంపాల్సిన డేటా మాత్రం పోదు. కొత్తవాళ్లు టెన్షన్ పడి, నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ మీద పడతారు. అనుభవం ఉన్నవాడు ముందు లాగ్, అంటే ఏజెంట్ ఏం జరిగిందో రాసుకునే ఫైల్, తెరుస్తాడు. ఆ పేరుతో హోస్ట్ లేదని అందులో స్పష్టంగా రాసే ఉంటుంది. పేరు సరిచేసి, ఏజెంట్‌ను రీస్టార్ట్ చేస్తే పనైపోతుంది.

జీతం ఇచ్చేది ఈ చూపుకే. మన జిల్లా పిల్లల్లో చాలామందికి విషయం తెలుసు, ఇంగ్లిష్‌లో పెద్ద ఎర్రర్ లైన్ కనిపిస్తే మాత్రం చదవకుండానే భయపడిపోతారు. ఆ భయం ఇంట్లోనే పోవాలి. ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (ఒకే కంప్యూటర్‌లో మరికొన్ని కంప్యూటర్లు నడిపే సాఫ్ట్‌వేర్) వేసి రెండు లైనక్స్ మెషీన్లు పెట్టుకోమనండి. ఒకదాంట్లో జాబిక్స్ సర్వర్, రెండోదాంట్లో ఏజెంట్. ఫైల్ కాపీ తీసి పెట్టుకుని, ఒక్కో లైన్ కావాలనే తప్పు రాసి లాగ్‌లో ఏమొస్తుందో చదవాలి. రూపాయి ఖర్చుండదు.

జావా మంచిదే, కానీ ఇప్పుడు దానికి ఫీజు కట్టనక్కర్లేదు. ఈ దారిలో ముందు షెల్ స్క్రిప్టింగ్, తర్వాత పైథాన్, ఆన్సిబుల్ (ఒకేసారి చాలా సర్వర్లలో మార్పులు చేసే టూల్) అక్కరకొస్తాయి. వందల సర్వర్లలో ఫైళ్లు చేత్తో మార్చలేం కదా.

ఇక అడగాల్సిన మాట: “కాన్ఫిగరేషన్ ఫైళ్లు మా అబ్బాయి చేతికిస్తారా, లేక నైట్ షిఫ్ట్‌లో స్క్రీన్ చూసి, సమస్య వస్తే టికెట్‌గా నమోదు చేయడమేనా?” రెండోదే అయితే కూడా చేరవచ్చు, కానీ ఏడాదికి మించి అక్కడే ఉండిపోకూడదు. డిపాజిట్ కట్టమన్నా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచమన్నా మాత్రం ఒప్పుకోకండి.