జలపాతం ఫొటోకి ఎన్ని సెకన్లు కావాలి?

వానలు తగ్గుముఖం పట్టినా గెడ్డల్లో నీరు ఇంకా నిండుగానే ఉంది. అందుకే కాబోలు ఈసారి ఉత్తరాలన్నీ నీళ్ల చుట్టూనే తిరిగాయి. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచి, పారే నీరు పాలలా మెత్తగా కనబడేలా తీయడం ఎలా అన్నదే దాదాపు అందరి ప్రశ్న. ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల నుంచే ఎక్కువ వచ్చాయి, ఒకటి మాత్రం మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి. కొన్నింటికి వివరంగానే రాస్తున్నాను, ఎందుకంటే ఫిల్టర్ల మీద డబ్బు పెట్టేముందు ఈ లెక్క తెలియాలి.

ప్రశ్న: అన్నా, నేను డిగ్రీ రెండో సంవత్సరం. హాతీపథర్ జలపాతం దగ్గర మిట్టమధ్యాహ్నం ట్రైపాడ్ పెట్టి ఒక సెకను షట్టర్ ఇస్తే ఫొటో మొత్తం తెల్లగా వచ్చేసింది. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 22 దాకా చిన్నది చేశాను, వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్‌ఓ 100 కంటే కిందికి దిగడం లేదు. కెమెరా పాడైందంటారా? (రాయగడ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: కెమెరాకి ఏమీ కాలేదు తమ్ముడూ, వెలుగు ఎక్కువైంది, అంతే. మంచి ఎండలో ఐఎస్‌ఓ 100, ఎఫ్ 16 పెడితే సెకనులో 100వ వంతు షట్టర్ చాలు, ఇది ఏ ఊరి ఎండకైనా దాదాపు పనిచేసే పాత లెక్క. ఎఫ్ 22 అంటే దానికి రెట్టింపు, 50వ వంతు. నువ్వు ఒక సెకను ఇచ్చావు, అంటే కావలసిన దానికి 50 రెట్ల వెలుగు లోపలికి వెళ్లింది. తెల్లగా రాకుండా ఎలా ఉంటుంది చెప్పు. పైగా ఎఫ్ 22 దగ్గర డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది, బండ మీద గరుకుదనం, ఆకుల అంచులు అన్నీ పోతాయి. నీ కెమెరాలాంటి చిన్న సెన్సర్ వాటికి ఎఫ్ 8 నుంచి 11 మధ్య ఉండు, తప్పదనుకుంటే 16, అంతకు మించి వద్దు.

ఇప్పుడు ఫిల్టర్ సంగతి. ఎన్డీ ఫిల్టర్ అంటే లెన్స్‌కి పెట్టే నల్లద్దం, రంగు మార్చకుండా వెలుగు మాత్రమే తగ్గించాలి. దాని మీద ఉండే అంకె ఎన్ని రెట్లు తగ్గిస్తుందో చెబుతుంది: ఎన్డీ 8 అంటే 8 రెట్లు, అంటే మూడు స్టాపులు (వెలుగు ఒకసారి సగమైతే ఒక స్టాపు), ఎన్డీ 64 ఆరు స్టాపులు, ఎన్డీ 1000 పది స్టాపులు. ఎండలో ఎఫ్ 11 దగ్గర షట్టర్ 200వ వంతు అనుకో, ఎన్డీ 64 పెడితే దాన్ని 64తో హెచ్చవేయాలి, సెకనులో మూడో వంతు వస్తుంది. నీళ్లకి అది చాలు.

కానీ నీ దగ్గర ఒక్క ఫిల్టర్‌కే డబ్బులుంటే ముందు ఎన్డీ కొనకు, పోలరైజర్ కొను, షాపులో సీపీఎల్ అని అడిగితే ఇస్తారు. హాతీపథర్‌లో నాగావళి నీళ్లు ఆ పెద్ద బండల మీంచి జారుతుంటాయి కదా, తడి బండల మీద, ఆకుల మీద తెల్లగా ఒక మెరుపు ఉంటుంది, అది తీసేసేది పోలరైజరే. ఫిల్టర్ పెట్టి ముందున్న అద్దాన్ని మెల్లగా తిప్పుతూ స్క్రీన్ చూస్తే ఒక చోట మెరుపు పోయి రాయి అసలు రంగు బయటపడుతుంది, అక్కడ ఆపు. తర్వాత కంప్యూటర్‌లో ఎంత కుస్తీ పట్టినా ఈ పని జరగదు, ఎన్డీ పనిని మాత్రం వేరే దారుల్లో చేసుకోవచ్చు. పోలరైజర్ ఎలాగూ ఒకటిన్నర స్టాపు దాకా వెలుగు కూడా తింటుంది. మబ్బు పట్టిన రోజున ఎఫ్ 11 దగ్గర 25వ వంతు వచ్చే చోట పోలరైజర్‌తో ఎనిమిదో వంతు అవుతుంది, ఎఫ్ 16కి వెళ్తే నాలుగో వంతు. నీళ్లు మెత్తబడడానికి అది సరిపోతుంది, ఇంకే ఫిల్టరూ అక్కర్లేదు. మధ్యాహ్నం మానేసి తెల్లవారగానే వెళ్లు, ముందు ఆ ఖర్చు లేని మార్పు చెయ్యి.

కొనేటప్పుడు లెన్స్ ముందు గుండ్రటి గుర్తు పక్కనున్న మిల్లీమీటర్ల అంకె చూసుకో. మామూలుగా కెమెరాతో వచ్చే 18–55 లెన్సుల్లోనే కెనాన్‌కి 58, నికాన్‌కి 52 లేదా 55 ఉంటాయి. రేపు పెద్ద లెన్స్ కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే 77 ఫిల్టర్ కొని, మధ్యలో స్టెప్ అప్ రింగ్ (పెద్ద ఫిల్టర్‌ని చిన్న లెన్స్‌కి కలిపే చుట్టు) పెట్టుకోవడం తెలివైన పని.

ప్రశ్న: నమస్కారం సార్. నేను టీచర్‌ని. చటికోన జలపాతం దగ్గర పది స్టాపుల ఫిల్టర్‌తో 40 సెకన్లు ఇచ్చి తీశాను. నీళ్లు పొగమంచులా వచ్చాయి, చెట్లన్నీ చెదిరిపోయాయి. చూసినవాళ్లు బాగుందన్నారు గానీ నాకు తృప్తిగా లేదు. (బిస్సంకటక్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ అసంతృప్తే సరైనదమ్మా, దాన్ని వదులుకోకండి. 40 సెకన్లలో నీరు తన దారి మొత్తాన్ని వందలసార్లు పూసేసుకుంటుంది, చివరికి మిగిలేది తెల్లటి మచ్చ. ఎక్కడ బండకి కొట్టుకుని విడిపోయిందో, ఎక్కడ మళ్లీ కలిసిందో, ఎక్కడ సుడి తిరిగిందో ఏదీ కనబడదు. నా వరకు జలపాతానికి సెకనులో నాలుగో వంతు నుంచి ఒక సెకను దాకా చాలు. ఆ మధ్యలో నీరు మెత్తగానూ ఉంటుంది, ధారలు విడివిడిగానూ కనబడతాయి.

దీనికి ఒకే అంకె లేదు, ఎందుకంటే లెక్కలోకి వచ్చేది నీటి వేగం ఒక్కటే కాదు, షట్టర్ తెరిచి ఉన్నంత సేపట్లో అది మీ ఫ్రేములో ఎంత దూరం జరిగిందన్నది. దగ్గరగా నిలబడి చిన్న ధారని ఫ్రేము నిండా పెట్టుకుంటే ఎనిమిదో వంతుకే మెత్తబడుతుంది. అదే ధారని దూరం నుంచి చిన్నగా చూపిస్తే అర సెకను కావాలి. వరద పోటు మీద ఉంటే ఇంకా తగ్గించాలి, లేకపోతే ఆ బలం కనబడదు. కాబట్టి స్టాండు కదపకుండా 15వ వంతు, నాలుగో వంతు, అర, ఒకటి, ఇలా వరసగా తీసి ఇంటికెళ్లి పక్కపక్కన పెట్టుకుని చూడండి, మీ కంటికి ఏది నచ్చుతుందో అదే మీ సెకను.

మబ్బు రోజున ఎఫ్ 11 దగ్గర 25వ వంతు వచ్చే వెలుగులో పది స్టాపులు పెడితే 40 సెకన్లు తప్ప ఇంకేం వస్తుంది, అందులో మీ పొరపాటు లేదు, ఆ ఫిల్టర్ ఈ పనికి కాదు. మూడు స్టాపులది గానీ ఆరుది గానీ తీసుకోండి. ఆకులు చెదరడానికి మాత్రం గాలి కారణం, అర సెకనుకి కూడా ఊగుతాయి. అదే చోట నుంచి ఫిల్టర్ తీసేసి, ఐఎస్‌ఓ 800 పెట్టి వేగంగా ఇంకో ఫొటో తీసుకుని, ఆకుల వరకు దాన్నుంచి, నీళ్లు మొదటిదాన్నుంచి తీసుకుని కలిపితే సరిపోతుంది.

ఇంకో మాట. జులై, ఆగస్టుల్లో నియమగిరి కొండల నుంచి దిగే గెడ్డలు ఎర్రమట్టి కలిసి పారతాయి, ఆ నీళ్లు ఎంత సేపు తీసినా తెల్లబడవు. అక్టోబర్, నవంబర్‌లో మళ్లీ వెళ్లండి. బుధవారం మాత్రం చటికోన సంతకి ఆ కొండల గిరిజనులు డొంగరియా కంధులు కొండ దిగి వస్తారు, దారి నిండా జనం ఉంటారు. వాళ్ల ఫొటోలు తీయాలనుకుంటే ముందు అడగండి, వద్దంటే కెమెరా దించేయండి.

ప్రశ్న: నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది. వచ్చే నెల డుడుమ జలపాతానికి వెళ్తున్నాం. ఫోన్‌తో అలాంటి ఫొటో వస్తుందా? (జయపురం)

జవాబు: వస్తుంది, కాకపోతే దారి వేరు. ఫోన్ లెన్స్ ఎప్పుడూ ఎఫ్ 1.8 దగ్గరలో తెరుచుకునే ఉంటుంది, ఎండలో దానికి కావలసిన షట్టర్ 8000వ వంతు. షట్టర్ మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో అర సెకను పెడితే ఏమవుతుందో పై విద్యార్థి ఉత్తరం చూడండి. అందుకని ఫోన్లు బోలెడు ఫొటోలు వరసగా తీసి వాటి సగటు కడతాయి. ఐఫోన్ 6ఎస్, ఆ తర్వాత వచ్చిన చాలా మోడళ్లలో లైవ్ ఫొటో (కొద్దిసేపటి కదలికని కూడా దాచే ఫొటో) తీసి, తర్వాత గ్యాలరీలో దాన్ని లాంగ్ ఎక్స్‌పోజర్‌గా, అంటే షట్టర్ ఎక్కువసేపు తెరిచి తీసినట్టుగా మార్చుకోవచ్చు, గూగుల్ పిక్సెల్ 6 నుంచి మోషన్ మోడ్‌లో నేరుగా ఆ ఎంపికే ఉంది. వేరే ఫోనైతే ఆ పని మనమే కూడా చేసుకోవచ్చు: ఫోన్‌ని కదలకుండా పెట్టి 15, 20 ఫొటోలు తీసి, ఫొటోషాప్‌లో స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా కలిపి స్టాక్ మోడ్‌లో మీన్ (సగటు) ఎంచుకోండి. ఫిల్టర్ లేని కెమెరాకీ ఇదే మందు. ఎలా తీసినా ఫోన్ చేతిలో పట్టుకోవద్దు, చిన్న స్టాండు గానీ బండ మీద బ్యాగు గానీ ఉండాలి.

డుడుమ గురించి చెప్పాలంటే, అది సుమారు 175 మీటర్ల ఎత్తు నుంచి పడే మాచ్‌ఖండ్ నది. అక్కడి నీటిని ఒడిశా, ఆంధ్ర కలిసి కట్టిన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రానికి మళ్లిస్తారు, అందుకే ఎండాకాలం వెళ్తే సన్నటి ధార చూసి తిరిగి రావలసి వస్తుంది. వానలు వెనకబట్టిన రోజులే మంచివి. లోయలో పొద్దున మంచు నిండి ఉంటే దగ్గర్లోని ఒనకడిల్లీలో టీ తాగి నింపాదిగా వెళ్లండి. చూసే చోటు దూరం కాబట్టి తుంపర ఇబ్బంది ఉండదు, ఫోన్‌లో జూమ్ లెన్స్ ఉంటే అదే వాడండి. కిందికి దిగే సాహసం మాత్రం వద్దు. పైన వాన పడినా, పైనుంచి నీరు వదిలినా కిందున్నవాళ్లకి ముందుగా తెలియదు.

ప్రశ్న: గండాహతి జలపాతం దగ్గర తీసిన ఫొటోలకి గోధుమ రంగు పూత, కొన్నింట్లో మధ్యలో నల్లటి ఇంటూ గుర్తు, ఒకదాంట్లో అడ్డంగా వెలుగు చార. ఏది ఎందుకు? (పర్లాకిమిడి)

జవాబు: మూడింటికీ మూడు కారణాలు. రంగు పూత చవక ఎన్డీది, కెమెరా పట్టిన సమాచారమంతా దాచే రా ఫార్మాట్‌లో తీస్తే వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) మార్చి చాలావరకు సరిచేసుకోవచ్చు. ఇంటూ గుర్తు తిప్పే రకం వేరియబుల్ ఎన్డీది, బాగా చీకటి వైపు తిప్పినప్పుడు, అందులోనూ వైడ్ లెన్స్‌తో అది తప్పదు, కాస్త వెనక్కి తిప్పండి. వెలుగు చార డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా వెనక మనం కన్ను పెట్టే అద్దం నుంచి లోపలికి దూరింది. షట్టర్ నొక్కేముందు దాని మీద మూత గానీ నల్లగుడ్డ గానీ వేయండి.

ప్రశ్న: మా దగ్గర జలపాతాల్లేవు, ప్రాణహిత, గోదావరి కలిసే చోటు ఉంది. అక్కడ ఈ పద్ధతి పనికొస్తుందా? (సిరొంచ)

జవాబు: బ్రహ్మాండంగా. పై టీచర్ గారికి వద్దన్న పది స్టాపుల ఫిల్టర్ మీకు పనికొస్తుంది. వెడల్పాటి నదిలో నీరు నెమ్మదిగా కదులుతుంది, అలలు ఎటు పడితే అటు పుడతాయి, అర సెకను ఇస్తే చెదిరినట్టుంటుందే గానీ నునుపు రాదు. 30 సెకన్లు, ఇంకా ఎక్కువ కావాలి, 30 దాటితే నొక్కినంతసేపూ షట్టర్ తెరిచి ఉంచే బల్బ్ మోడ్, రిమోట్ ఉండాలి. ముందు ఫిల్టర్ లేకుండా ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చి, ఆ తర్వాతే ఫిల్టర్ బిగించండి, ఎందుకంటే పది స్టాపుల చీకట్లో చాలా కెమెరాలు ఫోకస్ పట్టుకోలేవు. ఇసుకలో స్టాండు కాళ్లు తీస్తుండగానే దిగబడతాయి, మొదటే గట్టిగా గుచ్చండి. సూర్యాస్తమయం రంగు నీళ్లలో కావాలంటే పోలరైజర్ తీసేయండి, అది మీకు కావలసిన ప్రతిబింబాన్నే తుడిచేస్తుంది.

ప్రశ్న: తుంపరలో తడిసిన ఫిల్టర్ లెన్స్‌కి ఇరుక్కుపోయింది. (గుణుపురం)

జవాబు: బలంగా నొక్కి తిప్పకండి, నొక్కేకొద్దీ రింగు వంకర పోయి ఇంకా బిగుస్తుంది. రింగు చుట్టూ వెడల్పాటి రబ్బరు బ్యాండు వేసి, వేళ్లన్నీ చుట్టూ సమానంగా ఆనించి మెల్లగా తిప్పితే చాలావరకు వచ్చేస్తుంది. ఈసారి బిగించేటప్పుడు చివరిదాకా కాకుండా కొంచెం ముందే ఆపండి, తుంపర తుడవడానికి పొడి మైక్రోఫైబర్ గుడ్డలు రెండు మూడు వేర్వేరు జేబుల్లో పెట్టుకోండి.