బడి పేరెత్తితే కడుపునొప్పి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది ఒడిశాలోని రాయగడ. బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో క్లాసు. ఆటిజం అని వైజాగ్‌లో డాక్టర్ గారు చెప్పారు. లెక్కలు నాకంటే ఫాస్ట్‌గా చేస్తాడు. దసరా సెలవుల తర్వాత నుంచి పొద్దున్నే యూనిఫామ్ చూస్తే చాలు కడుపునొప్పి అంటాడు, ఒక్కోరోజు వాంతి కూడా చేసుకుంటున్నాడు, ఇవాళ బడి లేదులే అంటే మాత్రం కాసేపట్లో లేచి ఆడుకుంటాడు. మా అత్తగారు గుంటడికి దిష్టి తగిలిందంటారు, మా ఆయన నాటకాలు, రెండు తగిలిస్తే దారికొస్తాడంటారు. స్కూల్‌వాళ్లేమో వేరే స్కూల్ చూసుకోండి అన్నట్టు మాట్లాడుతున్నారు. కొన్నాళ్లు మాన్పించేయమంటారా?
ఒక తల్లి, రాయగడ

జవాబు: అమ్మా, మీ ఆయనకి ఇది చదివి వినిపించండి. బాబుది నాటకం కాదు. భయం ఎక్కువైతే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి అరుగుదల మందగిస్తుంది, కడుపులో తిప్పుతుంది, నొప్పి నిజంగానే వస్తుంది. బడి లేదనగానే భయం తగ్గుతుంది కాబట్టి నొప్పీ తగ్గుతుంది, అది చూసే మనం దొంగ నొప్పి అనుకుంటాం. కొడితే ఇంట్లో కూడా భయమే మిగులుతుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో మలబద్ధకం ఎక్కువ, అందుకని ఒకసారి పిల్లల డాక్టర్‌కి కూడా చూపించండి.

పూర్తిగా మాన్పించొద్దు. ఇంట్లో ఉండిపోయిన కొద్దీ బడంటే ఇంకా భయం పెరుగుతుంది. అలాగని ఏడుస్తుంటే ఎత్తుకెళ్లి గేటు దగ్గర వదిలేసి రావడం కూడా వద్దు. దసరా తర్వాత అన్నారు కదా, అక్కడే ఏదో మారుంటుంది, టీచర్ మారారా, సీటు మార్చారా, యాన్యువల్ డేకి డ్రమ్స్ మొదలయ్యాయా కనుక్కోండి. "ఎందుకు భయం?" అని బాబుని అడిగితే చాలామంది ఇలాంటి పిల్లలు చెప్పలేరు. ఒక కాయితం మీద స్కూల్ మ్యాప్ గీయించండి, గేటు, ప్రేయర్ గ్రౌండు, క్లాసు, బాత్రూమ్, భోజనాల చోటు అన్నీ. బాగున్నచోట ఆకుపచ్చ, కష్టంగా ఉన్నచోట ఎరుపు రంగు వెయ్యమనండి. ప్రేయర్ మైకు, స్టీలు ప్లేట్ల చప్పుడు, బాత్రూమ్ వాసన మనకి అసలు గుర్తుండవు, వాళ్లకి మాత్రం ఆ రోజంతా అవే.

ఆ కాయితం పట్టుకుని క్లాస్ టీచర్ దగ్గరికెళ్లండి, గొడవకి కాదు, సాయం అడగడానికి. ఎరుపు ప్రేయర్ దగ్గరుంటే ప్రేయర్ టైములో క్లాసులోనే కూర్చోనివ్వమనండి. తలుపు పక్కన సీటు, తట్టుకోలేనప్పుడు నోరు తెరవక్కర్లేకుండా చూపించి బయటికెళ్లడానికి ఒక కార్డు, ఇవి పైసా ఖర్చులేనివి. మొదట్లో లెక్కల పీరియడ్ ఉన్న పూటే పంపించండి, కుదిరాక ఒక్కో పీరియడ్ పెంచండి. ఎన్నింటికి తీసుకొస్తారో ముందే చెప్పి సరిగ్గా ఆ టైముకే వెళ్లండి, ఏడిస్తే ముందొస్తారని అలవాటు కాకూడదు, మాటిచ్చి లేట్ అస్సలు అవ్వకూడదు. ఇంటికొచ్చాక గంటసేపు ప్రశ్నలు, హోంవర్క్ పెట్టొద్దు, పొద్దుటినుంచీ బిగబట్టుకున్నదంతా ఇంట్లోనే బయటికొస్తుంది.

స్కూల్‌వాళ్లు మళ్లీ అదే మాటంటే రాతపూర్వకంగా ఇమ్మనండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది, గుర్తింపు ఉన్న స్కూళ్లు ఇలాంటి పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకుని తగిన సర్దుబాట్లు చేసేలా చూడటం ప్రభుత్వం బాధ్యత అని ఆ చట్టమే చెప్తుంది. పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం నిషేధం. వికలాంగులకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు, యూడీఐడీ, లేకపోతే అప్లై చేయండి, అది దేశమంతా చెల్లుతుంది కాబట్టి వైజాగ్‌లో చూపించుకున్నా పనికొస్తుంది. అత్తగారు దిష్టి తీస్తానంటే తియ్యనివ్వండి, దానివల్ల నష్టం లేదు, ఆవిడ బాబు పక్షాన ఉండటం కావాలి. మీకే తట్టుకోలేనట్టుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ప్రశ్న: మా పాపకి ఐదేళ్లు, ఆటిజం, మాటలు తక్కువ. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, స్కూల్లో ఇంగ్లీషు. తెలుగు ఆపేసి ఇంగ్లీషే మాట్లాడమని తెలిసినవాళ్లు అంటున్నారు. ఆపాలా?
ఒక తండ్రి, జయపురం, కొరాపుట్ జిల్లా

జవాబు: ఆపొద్దు సార్. రెండు మూడు భాషల వల్ల ఆటిజం రాదు, ముదరదు కూడా. మీకు సరిగ్గా రాని ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడితే పాప చెవిన పడే మాటలే తగ్గిపోతాయి, అమ్మమ్మా తాతయ్యలతో ఉన్న కాస్త కబుర్లు కూడా పోతాయి. స్పీచ్ థెరపీ మాత్రం లేట్ చెయ్యకండి, జిల్లా హాస్పిటల్లో ఎదుగుదల సమస్యలున్న పిల్లలకి చిన్నప్పుడే సాయం చేసే డీఈఐసీ సెంటర్ గురించి అడగండి. మంచినీళ్లు, బాత్రూమ్, నొప్పి, 'చాలు' అనే ఈ నాలుగింటికి బొమ్మల కార్డులు చేసి ఇంట్లో ఒక సెట్టు, స్కూల్ ఆయా దగ్గర అదే సెట్టు ఉంచండి, పాప ఏ భాషలో అడిగినా, అసలు మాటే రాకపోయినా బొమ్మ చూపిస్తే ఆవిడకి అర్థమవుతుంది.