స్కోపింగ్ అర్థం కాకపోతే కోడింగ్ రానట్టేనా?

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం. మెథడ్ కాల్స్‌లో లెక్సికల్ స్కోపింగ్, డైనమిక్ స్కోపింగ్ తేడా అర్థం కావడం లేదట. ఇవి మాన్పించి మూడు నెలల ఏఐ కోర్సులో చేర్పించమంటారా? అసలు ఈ రెండు స్కోపింగ్‌లలో ఉద్యోగానికి పనికొచ్చేది ఏది? - ఒక తల్లి

జవాబు: అమ్మా, నిరుడు ఇదే ప్రశ్న పాయింటర్ల మీద వచ్చింది, అంతకుముందు రికర్షన్ మీద. పాఠం పేరు మారుతుంది గానీ లోపలి భయం ఒక్కటే: మావాడికి కోడింగ్ రాదేమో! వస్తుంది. లిస్ప్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష తొలినాళ్లలో డైనమిక్ స్కోపింగ్‌తోనే నడిచింది. 1975లో దాని సంతతికే చెందిన స్కీమ్ అనే భాష లెక్సికల్ దారి పట్టింది. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో వాడే లిస్ప్‌కి ఆ లెక్సికల్ సదుపాయం 2012లో గానీ రాలేదు. ఉద్దండులకే ఇన్నేళ్లు పట్టిన సంగతికి మీవాడికి నాలుగు వారాలు ఇవ్వలేరా?

ఫంక్షన్‌లో (పేరు పెట్టి పిలిచే కోడ్ ముక్కలో) కనిపించిన పేరుకి అర్థం, కోడ్ రాసిన చోట వెతికితే లెక్సికల్. పిలిచినవాళ్ల దగ్గర వెతికితే డైనమిక్. బయట ఎక్స్ విలువ 1. ఎఫ్ అనే ఫంక్షన్ దాన్ని ప్రింట్ చేస్తుంది. జీ అనే ఇంకో ఫంక్షన్ తన సొంత (లోకల్) ఎక్స్‌కి 2 ఇచ్చుకుని ఎఫ్‌ని పిలుస్తుంది. లెక్సికల్ భాష పైథాన్‌లో 1 వస్తుంది, డైనమిక్ భాష బ్యాష్‌లో 2. మీవాణ్ణి స్వయంగా రాసి చూడమనండి, పది నిమిషాల పని.

అతను చిక్కుకున్నది బహుశా ఇంకోచోట. ఏ మెథడ్ (ఆబ్జెక్ట్‌కి చెందిన ఫంక్షన్) నడవాలో ఆ ఆబ్జెక్ట్‌ని బట్టి ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తేలడం డైనమిక్ డిస్పాచ్, అది స్కోపింగ్ కాదు. రెంటిలోనూ 'డైనమిక్' ఉండేసరికి పిల్లలు కలిపేసుకుంటారు. జావాస్క్రిప్ట్ భాషలో 'ఈ ఆబ్జెక్ట్' అని సూచించే 'దిస్' అనే మాట ఇంకా తికమక: మామూలు ఫంక్షన్‌లో అది పిలిచిన తీరును బట్టి మారుతుంది, 2015లో వచ్చిన యారో ఫంక్షన్‌లో రాసిన చోటును బట్టి ఉంటుంది.

ఉద్యోగానికంటారా, ఇప్పటి భాషల్లో ఎక్కువ భాగం లెక్సికలే. రెండోదాన్ని చూడగానే గుర్తుపడితే చాలు.

ఇక ఆ కోర్సు. ఏఐ మీద నాకు కోపం లేదు, మూడు నెలల్లో అన్నీ వచ్చేస్తాయన్న మాట మీదే అనుమానం. ఏఐ రాసిచ్చిన కోడ్‌లో 'దిస్' గల్లంతైతే పట్టుకోవాల్సింది మనిషే కదా! అది నేర్పే పాఠం నుంచే పిల్లవాణ్ణి తప్పిస్తానంటున్నారు మీరు.

కటువుగా అనిపించినా ఒక మాట. అతనికి అర్థం కావడం లేదని రాశారు, మానేస్తానన్నాడని ఎక్కడా రాయలేదు. ఆ ఆలోచన మీదే. సెమిస్టర్ అయ్యేదాకా ఆ ఏఐ కోర్సుకి ఫీజు కట్టకండి. ఈలోగా అతన్నే అడగండి.